లినక్స్ మీద అమ్మే సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు: సీరియల్ నంబరు నుంచి సంతకమున్న ఫైలు దాకా

మండపేటలో ఒక రైసు మిల్లుకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. కొన్నాళ్లకు అదే కాపీ తాడేపల్లిగూడెంలో ఆ యజమాని బావమరిది మిల్లులోనూ నడుస్తున్నట్టు తెలుస్తుంది. రెండో మిల్లు నుంచి రూపాయి రాదు గానీ, స్టాకు తేడా వచ్చిన రోజున ఫోను మాత్రం వస్తుంది. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి ఊళ్లలో ఇద్దరు ముగ్గురు కలిసి సాఫ్ట్‌వేర్ రాసి అమ్మే చిన్న కార్యాలయాలకు ఇది తెలియని సంగతి కాదు. మిల్లుల ఖాతాలు, రొయ్యల మేత డీలర్ల బాకీలు, కడియం నర్సరీల బిల్లులు, కొబ్బరి వర్తకుల నిల్వలు, ఏది రాసినా సరే, దాన్ని లినక్స్ మీదో మరో యూనిక్స్ తరహా వ్యవస్థ మీదో అమర్చి ఇచ్చేవారి కోసం ఈ మార్గదర్శి.

ఒక మాట మొదటే చెప్పాలి. లైసెన్సు ఏర్పాటు ఎంత జాగ్రత్తగా రాసినా ఎప్పుడో ఒకప్పుడు పొరబడుతుంది. అలా పొరబడినప్పుడు నష్టం డబ్బు కట్టిన మనిషి మీద పడకూడదు. కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క నిర్ణయం మీద ఆధారపడినవే.

ఎవరిని ఆపాలో తేల్చుకోండి

మీ సాఫ్ట్‌వేర్‌ను కాపీ చేసేవారు రెండు రకాలు. ఒకరు పెన్‌డ్రైవులో ఫోల్డరు మొత్తం ఎత్తుకెళ్లి బంధువుకిచ్చేవారు. మరొకరు ప్రోగ్రామును విప్పి, తనిఖీ జరిగే చోటు వెతికి, దాన్ని తీసేసేవారు. మొదటివారిని ఆపడం తేలిక. రెండోవారిని యూనిక్స్ మీద ఆపడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే యంత్రం వాళ్లది, రూట్ అధికారమూ (యంత్రంలో ఏదైనా మార్చగల అధికారం) వాళ్లదే. మీ ప్రోగ్రాము ఏ ఫైలు తెరిచిందో ఎస్‌ట్రేస్ అనే పనిముట్టు చూపిస్తుంది. తప్పులు వెతికే జీడీబీ దాన్ని నడిమధ్యలో ఆపి మెమరీలోని విలువలు మార్చనిస్తుంది. ఎల్‌డీ-ప్రీలోడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో (ప్రోగ్రాము మొదలయ్యే ముందు ఇచ్చే సెట్టింగు) సీ లైబ్రరీలోని ఫంక్షను బదులు సొంత ఫంక్షను నడిపించవచ్చు. లిబ్‌ఫేక్‌టైమ్ అనే చిన్న లైబ్రరీ ఈ దారిలోనే ప్రోగ్రాముకు వేరే తేదీ చూపిస్తుంది. ఇవేవీ దొంగల కోసం పుట్టినవి కావు. మనమే రోజూ తప్పులు వెతకడానికి వాడుకునే పనిముట్లు.

లైసెన్సు పొలం గట్టు లాంటిది. హద్దు ఎక్కడుందో పక్క రైతుకు తెలియజేస్తుంది. దాటి తీరాలనుకున్న వాడికి అడ్డు కాదు. అందుకే ఈ ఏర్పాటుకు కొద్ది రోజుల పని చాలునంటాను. ప్రోగ్రామును చిక్కుముళ్లు వేసి దాచడానికి నెలలు వెచ్చించేవారిని చూస్తే బాధ కలుగుతుంది. ఆ నెలలు జీఎస్టీ నివేదికల మీద పెడితే వినియోగదారు మీ దగ్గరే ఉండిపోతాడు.

చట్టం ఏమంటుంది

మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రాము కాపీరైటు చట్టం, 1957 కింద సాహిత్య రచనగా రక్షణ పొందుతుంది. అక్రమ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే జైలు శిక్ష మినహాయించే వెసులుబాటు కోర్టుకు ఉంది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని నేరం చేసే సెక్షన్ 65ఎ 2012 సవరణతో వచ్చింది.

అదే చట్టం కొనుగోలుదారుకు కూడా హక్కులిచ్చింది. సెక్షన్ 52 ప్రకారం, న్యాయంగా కొన్న ప్రోగ్రాము పోకుండా, పాడవకుండా బ్యాకప్ కాపీ చేసుకోవచ్చు. కాబట్టి బ్యాకప్ తీస్తే పనిచేయడం మానేసే రక్షణ పెట్టకండి. ఒప్పందంలో ఎన్ని యంత్రాలు, ఎన్ని మిల్లులు, ఎంత కాలం అన్నది తేట తెలుగులో ఒక పేజీలో రాయండి. యజమాని దానిమీద సంతకం పెడుతున్నప్పుడే చదివి వినిపించండి. బావమరిది మిల్లు సంగతి అక్కడే తేలిపోతుంది. చాలాసార్లు రెండో మిల్లుకు సగం ధర అంటే అక్కడికక్కడే ఒప్పుకుంటారు.

మీ ప్రోగ్రాములో జీపీఎల్ లైసెన్సు (పంచుకునే హక్కు ఇతరులకూ ఇవ్వాలనే షరతున్న స్వేచ్ఛా లైసెన్సు) ఉన్న కోడు కలిసి ఉందేమో కూడా ఈ దశలోనే చూసుకోండి. ఉంటే, ఆ కలిసిన ప్రోగ్రామును ఇతరులకు పంచవద్దని ఆంక్ష పెట్టే హక్కు మీకు ఉండదు.

పాత యూనిక్స్‌ల నుంచి రెండు పాఠాలు

సన్ కంపెనీ వర్క్‌స్టేషన్లలో ప్రతి యంత్రానికీ హోస్ట్ఐడీ అనే 32 బిట్ల సంఖ్య ఉండేది. అది మదర్‌బోర్డు మీది ఒక మెమరీ చిప్పులో ఉండేది, ఆ చిప్పు లోపలే చిన్న బ్యాటరీ. లక్షలు పోసి కొన్న డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఆ సంఖ్యకే ముడిపడి ఉండేవి. ఏళ్లు గడిచి బ్యాటరీ అయిపోగానే సంఖ్య చెరిగిపోయేది, దానితోపాటే లైసెన్సూ పోయేది. డబ్బు కట్టినవారే ఇబ్బంది పడ్డారు. యంత్రంలోని ఒకే ఒక్క భాగాన్ని నమ్ముకోకూడదని ఇది చెబుతుంది.

రెండోది ఎస్‌సీఓ కంపెనీ అమ్మిన యూనిక్స్. కాగితం మీద సీరియల్ నంబరు, దానికి జతగా యాక్టివేషన్ కీ వచ్చేవి. ఒకే నెట్‌వర్కులో రెండు యంత్రాలు ఒకే సీరియల్‌తో నడుస్తుంటే అవి పరస్పరం కనిపెట్టి నకిలీ లైసెన్సు ఉందని హెచ్చరించేవి. ఒకే భవనంలో జరిగే కాపీని ఇది పట్టుకుంటుంది, పక్క ఊళ్లో జరిగేదాన్ని పట్టలేదు. మన సమస్య మాత్రం పక్క ఊరిదే.

1988లో వచ్చిన ఫ్లెక్స్ఎల్ఎం అనే లైసెన్సు సాఫ్ట్‌వేర్ వేరే దారి పట్టింది. లైసెన్సును చదవడానికి వీలైన మామూలు టెక్స్టు ఫైలుగా ఉంచి, ప్రతి వరుస చివర దాన్ని ధ్రువీకరించే ముద్ర జోడించింది. ఏ సౌకర్యం, ఎన్ని సీట్లు (ఒకేసారి ఎందరు వాడవచ్చు), ఏ తేదీ వరకు అన్నది ఎవరైనా చదువుకోవచ్చు, మార్చితే మాత్రం చెల్లదు. నా దృష్టిలో ఇప్పటికీ సరైన దారి ఇదే. ఇప్పుడు మనకు అప్పటికంటే మేలైన సంతకాలు ఉన్నాయి.

అడుగు 1: సీరియల్ నంబరు

సీరియల్ నంబరుతో రక్షణ వస్తుందనుకోకండి. దాని పని ఒక అమ్మకానికి పేరు పెట్టడమే. ఫోనులో ‘మీ నంబరు చెప్పండి’ అంటే ఎవరు, ఏ మిల్లు, ఏ సంవత్సరం కొన్నారు అన్నది మీ పుస్తకంలో దొరకాలి. అందుకని దాన్ని మనిషి చదవడానికి, మరో మనిషి వినడానికి తగినట్టు తయారు చేయండి.

ఇంగ్లిష్ అక్షరాలు పెట్టవద్దని నా గట్టి సలహా. మిల్లు నడుస్తున్న చప్పుడులో బి, డి, పి, టి, వి, జి, ఇ, సి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఎం, ఎన్‌ల మధ్య తేడా అసలు తెలియదు. సున్నాకూ ఓ అక్షరానికీ మధ్య గొడవ సరేసరి. అంకెలు మాత్రమే వాడి, నాలుగేసి చొప్పున విడగొట్టి 12 అంకెలు పెట్టండి. చివరి అంకెను మిగతావాటి నుంచి లెక్కగట్టిన తనిఖీ అంకెగా ఉంచండి. ఒక అంకె తప్పు పలికినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ప్రోగ్రాము వెంటనే చెప్పగలుగుతుంది.

తనిఖీ అంకెకు చాలామంది లూన్ పద్ధతి వాడతారు. బ్యాంకు కార్డుల మీద ఉండేది అదే. ఒక అంకె తప్పితే పట్టుకుంటుంది గానీ, 09ని 90గా రాస్తే దాటిపోనిస్తుంది. ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు ఎలా తారుమారైనా అన్నింటినీ పట్టుకునేది వెర్‌హాఫ్ పద్ధతి. 1969లో ప్రచురితమైంది. మీ ఆధార్ సంఖ్యలో చివరి అంకె ఈ పద్ధతితో వచ్చిందే. మూడు చిన్న పట్టికలతో ఏ భాషలోనైనా ఇరవై ముప్పై వరుసల్లో రాసుకోవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక. సీరియల్ నంబరు సరైనదో కాదో తేల్చే రహస్య సూత్రాన్ని ప్రోగ్రాములోపల దాచవద్దు. బైనరీ ఫైలు (కంప్యూటర్ నడిపే రూపంలోని ప్రోగ్రాము) మీద స్ట్రింగ్స్ కమాండ్ నడిపితే అందులోని పదాలన్నీ బయటపడతాయి. సూత్రం ఒకసారి బయటపడితే చెల్లే నంబర్లను ఎవరైనా కావలసినన్ని పుట్టించుకోగలరు. తనిఖీ అంకె ఉన్నది పొరపాట్లు పట్టడానికే. అసలు నమ్మకం తర్వాతి అడుగులో వస్తుంది.

అడుగు 2: సంతకం చేసిన లైసెన్సు ఫైలు

జంట కీల పద్ధతి వాడండి. ప్రైవేట్ కీ మీ దగ్గర మాత్రమే ఉంటుంది, దానితో సంతకం చేస్తారు. పబ్లిక్ కీ ప్రోగ్రాములో ఉంటుంది, దానితో సంతకాన్ని సరిచూడటం తప్ప కొత్త సంతకం పుట్టించడం కుదరదు. ప్రోగ్రామును ఎంత విప్పి చూసినా నకిలీ లైసెన్సు తయారు చేసే సాధనం అందులో దొరకదు. రహస్య సూత్రం దాచే పద్ధతికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

ఈడీ25519 అనే సంతకం పద్ధతి ఎంచుకోండి. పబ్లిక్ కీ 32 బైట్లు, సంతకం 64 బైట్లు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌సోడియం అనే లైబ్రరీలు రెండూ దాన్ని అందిస్తున్నాయి. సొంతంగా కోడు రాసుకోవడం ఇష్టం లేకపోతే మినీసైన్ వంటి చిన్న పనిముట్టు ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా వ్యవస్థ 2014లో 5.5 విడుదల నుంచి తన ప్యాకేజీలన్నింటికీ సిగ్నిఫై అనే ఇలాంటి పనిముట్టుతోనే సంతకం చేస్తోంది. 64 బైట్ల సంతకాన్ని చేత్తో కొట్టగలిగే అక్షరాల్లోకి మారిస్తే వంద దాటతాయి. అందుకే అది సీరియల్ నంబరులో ఇమడదు, ఫైలుగా ఇవ్వాల్సిందే.

ఫైలులో ఏముండాలి? లైసెన్సు రూపం ఎన్నో కూర్పో చెప్పే అంకె, ఏ కీతో సంతకం చేశారో చెప్పే గుర్తు, సీరియల్ నంబరు, మిల్లు పేరు, ఊరు, సీట్ల సంఖ్య, మొదలైన తేదీ, గడువు తేదీ, నవీకరణలు అందే ఆఖరి తేదీ, యంత్రం గుర్తులు. మిల్లు పేరు తప్పనిసరిగా పెట్టండి. ప్రతి బిల్లు మీదా, ప్రతి నివేదిక మీదా ఆ పేరే అచ్చవ్వాలి, సెట్టింగుల్లో మార్చే వీలు ఉండకూడదు. బావమరిది తన బిల్లు మీద మండపేట మిల్లు పేరు అచ్చు వేసుకుని జీఎస్టీ అధికారికి చూపించలేడు. నేను చూసినంతలో చిన్న వ్యాపారాల్లో ఇంతకంటే బలమైన రక్షణ మరొకటి లేదు. పైగా దీనివల్ల నిజాయతీ గల వినియోగదారుకు ఏ ఇబ్బందీ రాదు.

సంతకాన్ని ఫైలులోని బైట్ల మీద యథాతథంగా చేయండి, సరిచూసేటప్పుడు కూడా యథాతథంగానే చూడండి. ముందు సంతకం, తర్వాతే లోపలి విషయం చదవడం. ఇక్కడ ఒక చిక్కు తరచూ వస్తుంది. లైసెన్సు ఫైలు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో విండోస్ యంత్రానికి చేరుతుంది, అక్కడ నోట్‌ప్యాడ్‌లో తెరిచి భద్రపరుస్తారు. దారిలో ఎక్కడో కనిపించని అక్షరాలు చేరి సంతకం చెల్లకుండా పోతుంది. దీన్ని తప్పించడానికి లైసెన్సు మొత్తాన్ని బేస్64లోకి (మామూలు అక్షరాలు, అంకెల్లో రాసే పద్ధతి) మార్చి ఇవ్వండి. చదివేటప్పుడు ఖాళీలు, వరుస విరుపులు అన్నీ వదిలేయమని ప్రోగ్రాముకు చెప్పండి.

ప్రైవేట్ కీని ఇంటర్నెట్టుకు తగిలించి ఉన్న యంత్రంలో ఉంచకండి. ఒక పాత ల్యాప్‌టాప్‌ను దీనికే కేటాయించి, కీని సంకేతపదంతో మూసి, రెండు పెన్‌డ్రైవుల్లో రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. రెండో ఇల్లు గోదావరి అవతలి గట్టున ఉంటే ఇంకా మంచిది. వరద నీరు కార్యాలయంలోకి వస్తే రెండూ ఒకేసారి పోకూడదు కదా.

అడుగు 3: యంత్రాన్ని గుర్తుపట్టడం

అన్నింటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చూద్దాం.

హోస్ట్ఐడీ కమాండ్ లినక్స్‌లో ఇప్పటికీ ఉంది, దాన్ని మాత్రం వాడవద్దు. ఈటీసీ (/etc) డైరెక్టరీలో హోస్ట్ఐడీ ఫైలు లేకపోతే గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీ యంత్రం పేరుకు ఉన్న ఐపీ చిరునామా నుంచి ఆ సంఖ్యను పుట్టిస్తుంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ పంపిణీల్లో ఆ చిరునామా సాధారణంగా 127.0.1.1, యంత్రం తనను తాను పిలుచుకునేది. అంటే జిల్లాలోని ఉబుంటు యంత్రాలన్నీ ఒకే సంఖ్య చెబుతాయి. ఆల్పైన్ లినక్స్ వాడే మజిల్ లైబ్రరీలోనైతే జవాబు ఎప్పుడూ సున్నాయే.

నెట్‌వర్కు కార్డు చిరునామా 48 బిట్లది. రూట్ అధికారం ఉన్నవారు ఒక్క కమాండ్‌తో మార్చగలరు గానీ మనకు దానికంటే పెద్ద ఇబ్బంది వేరే ఉంది. వేసవి గాలివానల్లో పిడుగు పడితే ముందు పోయేది నెట్‌వర్కు పోర్టే. అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి పోర్టులు తుప్పు పడతాయి. కార్డు మార్చిన మరుక్షణం లైసెన్సు పోతే అది మీ తప్పు అవుతుంది. కార్డును పేరుతో వెతకడమూ తప్పే. 2013 నుంచి సిస్టమ్‌డీ (వ్యవస్థను మొదలుపెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చిన పంపిణీల్లో మొదటి కార్డుకు ఈథ్0 అనే పేరు ఉంటుందన్న భరోసా లేదు, ఆ పేరు కోసమే చూసే పాత లైసెన్సులు విఫలమయ్యాయి. సిస్ (/sys) డైరెక్టరీలో నెట్ విభాగం కింద డివైస్ లంకె ఉన్నవే నిజమైన కార్డులు. డాకర్ వంటి సాఫ్ట్‌వేర్లు పుట్టించే ఊహా కార్డులకు ఆ లంకె ఉండదు, వాటిని వదిలేయండి.

మెషీన్-ఐడీ అనేది ఈటీసీ డైరెక్టరీలో ఉండే 128 బిట్ల సంఖ్య. వ్యవస్థను అమర్చినప్పుడు పుడుతుంది, కార్డు మారినా అలాగే ఉంటుంది. డిస్కును క్లోన్ చేస్తే (ఉన్నదున్నట్టు నకలు తీస్తే) మాత్రం అదీ కాపీ అవుతుంది. బయటికి వెల్లడించకూడని సంఖ్యగా దీన్ని చూడాలని సిస్టమ్‌డీ పత్రాలే చెబుతున్నాయి. కాబట్టి మీ ప్రోగ్రాము పేరు కలిపి హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చి), ఆ హ్యాష్‌నే వాడండి.

మదర్‌బోర్డు తయారీదారు పెట్టే యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య మరొకటి. దాన్ని రూట్ మాత్రమే చదవగలదు, యంత్రం మొదలైన ప్రతిసారీ రూట్ అధికారంతో ఒకసారి చదివి పెట్టుకోవాలి. చౌక బోర్డుల్లో తయారీదారులు దీన్ని నింపకుండా వదిలేస్తారు. 03000200-0400-0500-0006-000700080009 అని కనిపిస్తే అది లెక్కలేనన్ని బోర్డుల్లో ఉండే ఉత్తుత్తి సంఖ్య. ఇలాంటివాటి జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని లెక్కలోంచి తీసేయండి.

మరి ఏది నమ్మాలి? ఏ ఒక్కదాన్నీ కాదు. మెషీన్-ఐడీ, బోర్డు యూయూఐడీ, మొదటి డిస్కు సీరియల్, నిజమైన నెట్‌వర్కు కార్డుల చిరునామాలు, ఇవన్నీ విడివిడిగా హ్యాష్ చేసి లైసెన్సులో రాయండి. నాలుగింటిలో రెండు కలిస్తే యంత్రం అదేనని ఒప్పుకోండి. కార్డు కాలిపోయినా, డిస్కు మార్చినా పని ఆగదు. డిస్కును మరో యంత్రానికి క్లోన్ చేస్తే మెషీన్-ఐడీ ఒక్కటే కలుస్తుంది, అక్కడ ఆగుతుంది. డిస్కునే పీకి వేరే పెట్టెలో పెడితే రెండు కలుస్తాయి, నడుస్తుంది. అది నడవాలి కూడా. ఎందుకంటే మిల్లులో పాత పెట్టె పాడైనప్పుడు మెకానిక్ చేసే మొదటి పని అదే.

వర్చువల్ యంత్రాల (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ సృష్టించే యంత్రాల) మీద నడిపే పెద్ద సంస్థలుంటే ఈ గుర్తులన్నీ వదిలేసి, పేరు మీద, సీట్ల మీద మాత్రమే లైసెన్సు ఇవ్వండి.

అడుగు 4: గడువు, గడియారం, తుపాను

గడువు తీరగానే ప్రోగ్రామును పూర్తిగా మూసేయకండి. ఆ లెక్కలు మీవి కావు, మిల్లువి. గడువు దాటాక పాత ఖాతాలు చూడటం, అచ్చు వేయడం, బయటికి తీసుకోవడం ఎప్పటికీ పనిచేయాలి. కొత్త బిల్లులు మాత్రమే ఆపండి, అదీ 30 రోజుల వెసులుబాటు ఇచ్చాక. వెసులుబాటు అంత ఎందుకని అడగవచ్చు. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను తర్వాత ఈ ప్రాంతం కోలుకోవడానికి ఎంత కాలం పట్టిందో పెద్దలను అడగండి. ఇప్పటికీ వరద వస్తే లంక గ్రామాలకు పడవే దారి. కరెంటూ నెట్టూ లేని వారంలో లైసెన్సు పునరుద్ధరించమని ఎవరినీ అడగలేం.

గడువు తేదీని ఎంచుకోవడంలోనూ స్థానిక జ్ఞానం కావాలి. మార్చి 31 అందరికీ తోచే తేదీ, మన దగ్గర అది చెడ్డ తేదీ. సంవత్సరాంతపు లెక్కల ఒత్తిడి అప్పుడే, దాళ్వా (రబీ) ధాన్యం రావడం మొదలయ్యేదీ ఆ వెంటనే. సార్వా (ఖరీఫ్) మాసూళ్లు జరిగే నవంబరు, డిసెంబరు కూడా వద్దు. ఆగస్టు, సెప్టెంబరు నెలలు మిల్లులకు కాస్త నయం. రొయ్యల మేత డీలర్లకైతే పట్టుబడి కాలం చూసి వాళ్లనే అడగండి.

గడియారాన్ని వెనక్కి తిప్పే ప్రయత్నం పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. లెక్కల్లోని ఆఖరి బిల్లు తేదీ చూడండి. గడియారం దానికంటే వెనక ఉంటే ఏదో తేడా ఉంది. అయితే ఆ తేడాకు కారణం చాలాసార్లు మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోవడమే. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన బోర్డుల్లోనైతే గడియారం చిప్పే లేదు, నెట్టు అందేదాకా తేదీ తప్పుగానే ఉంటుంది. కాబట్టి ‘మోసం’ అనే మాట తెర మీద రానివ్వకండి. ‘కంప్యూటర్ తేదీ సరిగా లేదు, సరిచేయండి’ అని రాస్తే చాలు.

దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. గడియారం ఒక్క రోజు పొరపాటున 2038కి దూకిందనుకోండి. ‘చివరిగా చూసిన తేదీ’ అని మీరు రాసుకున్న చోట అది పడిపోతుంది, ఆ తర్వాత సరైన తేదీ వచ్చినా ప్రోగ్రాము నమ్మదు. అందుకని ఒక్కసారిగా 60 రోజులకు మించి ముందుకు దూకిన తేదీని నమోదు చేయకండి.

ఇలాంటి ఫైలు రాసేటప్పుడు కరెంటు పోతే సగం రాసిన ఫైలు మిగులుతుంది. ముందు తాత్కాలిక పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డిస్కు మీదికి నిజంగా రాయించి), ఆ తర్వాత అసలు పేరుకు మార్చండి. యూనిక్స్‌లో ఒకే ఫైల్‌సిస్టమ్ లోపల పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది: పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉంటుంది.

అడుగు 5: సీట్ల లెక్క

ఒకే సర్వరు మీద ఐదుగురు పనిచేసే కార్యాలయానికి పెద్ద లైసెన్సు సర్వరు అక్కర్లేదు. రన్ (/run) డైరెక్టరీలో సీటుకొక ఖాళీ ఫైలు చొప్పున ఐదు పెట్టండి. ప్రోగ్రాము మొదలవగానే వాటిలో ఖాళీగా ఉన్నదానికి ఎఫ్‌లాక్‌తో తాళం వేయాలి. ఒక్కటీ దొరకకపోతే సీట్లు నిండినట్టు. ఇందులో గొప్ప సౌకర్యం ఏమిటంటే, ప్రోగ్రాము కూలిపోయినా, ఎవరైనా బలవంతంగా ఆపినా కెర్నెల్ (వ్యవస్థ మూలభాగం) తానే ఆ తాళం తీసేస్తుంది. ప్రాసెస్ సంఖ్యను ఫైలులో రాసుకునే పాత పద్ధతిలో కరెంటు పోయి వచ్చాక లేని మనుషులు సీట్లలో కూర్చున్నట్టు లెక్క చూపేది.

తాళం వేసిన ఫైలును పిల్ల ప్రాసెస్‌లు వారసత్వంగా అందుకోకుండా క్లోజ్-ఆన్-ఎగ్జెక్ గుర్తు పెట్టండి. లేకపోతే మీ ప్రోగ్రాము ముగిసినా, అది పిలిచిన ప్రింటింగ్ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ సీటు నిండే ఉంటుంది. ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే మరో రకం తాళాలు ఈ పనికి వద్దు. అదే ఫైలును ప్రోగ్రాములో మరెక్కడో తెరిచి మూసినా ఆ తాళం చెప్పాపెట్టకుండా పోతుంది.

వేర్వేరు యంత్రాల నుంచి లెక్క కావాలంటే చిన్న డీమన్ (తెర వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాము) రాయాల్సిందే. ఫ్లెక్స్ఎల్ఎం డీమన్ 27000 నుంచి 27009 వరకు ఉన్న పోర్టుల్లో వింటుంది. మీరు వేరే పోర్టు ఎంచుకోండి, లేకపోతే కాలేజీ ల్యాబుల్లో ఢీకొంటుంది. డీమన్ జవాబివ్వకపోతే కొన్ని గంటలపాటు పాత అనుమతితోనే పని సాగనివ్వండి.

యూఎస్‌బీ డాంగిల్ (తగిలిస్తేనే ప్రోగ్రాము నడిచే చిన్న పరికరం) గురించి ఒక్క మాట: ఊడిపోతుంది, పోతుంది, లినక్స్‌లో పరికరాలను గుర్తించే యూడెవ్ అనుమతుల కోసం మీరే ఊరికి వెళ్లాల్సి వస్తుంది. ఈ ధరల సాఫ్ట్‌వేర్‌కు అది వద్దు.

అడుగు 6: ఇంటర్నెట్టు లేకుండా యాక్టివేషన్

ప్రోగ్రాము మొదటిసారి తెరిచినప్పుడు యంత్రం గుర్తుల హ్యాష్‌లను క్యూఆర్ కోడుగా తెర మీద చూపించండి. గుమాస్తా దాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపుతాడు. మీరు సంతకం చేసిన లైసెన్సును వాట్సాప్‌లో పంపుతారు. మిల్లు కంప్యూటర్‌కు నెట్టే అక్కర్లేదు. ఫోనులో నెట్టు కూడా అందని చోట 12 అంకెల సీరియల్ చదివి వినిపిస్తే, 15 రోజులు నడిచే తాత్కాలిక కోడును మీరు అంకెల్లోనే తిరిగి చదివి వినిపించవచ్చు. అది బలహీనమైన కోడే, అయినా 15 రోజులకు సరిపోతుంది.

లైసెన్సు ఫైలును ఈటీసీ కింద మీ ప్రోగ్రాము డైరెక్టరీలో, అందరూ చదవగలిగేలా ఉంచండి. మారే సమాచారం వార్ డైరెక్టరీ కింది లిబ్‌లో (/var/lib) ఉండాలి. రోజువారీ తనిఖీకి రూట్ అధికారం అడగకండి. ఫైళ్లను దాచిన పేర్లతో వ్యవస్థ నిండా చల్లవద్దు. బ్యాకప్ నుంచి పునరుద్ధరించే రోజున అవి దొరకక మీరే తలపట్టుకుంటారు.

అడుగు 7: సందేశాలు, పరీక్షలు

‘లైసెన్స్ ఎర్రర్ మైనస్ 9’ అని చూపిస్తే గుమాస్తాకు ఏమర్థమవుతుంది? సందేశం తెలుగులో ఉండాలి. ఏమి జరిగింది, ఇంకా ఏ పనులు చేసుకోవచ్చు, ఎవరికి ఫోను చేయాలి, ఈ మూడూ అందులో ఉండాలి. సాంకేతిక వివరాలు సిస్‌లాగ్‌కు (వ్యవస్థ చిట్టాకు) పంపండి, ఏ గుర్తు కలిసింది, ఏది కలవలేదు అన్నదాంతో సహా. ఫోనులో సమస్య పరిష్కరించేది ఆ వరుసే.

అమ్మకానికి ముందు ఒక పాత యంత్రం మీద ఇవన్నీ చేసి చూడండి. నెట్‌వర్కు కార్డు పీకండి. డిస్కును క్లోన్ చేసి వేరే పెట్టెలో నడపండి. తేదీని 1970కి తిప్పండి, 2038కి తిప్పండి. డిస్కు నిండా చెత్త ఫైళ్లు నింపి ప్రోగ్రాము తెరవండి. బిల్లు భద్రపరిచే క్షణంలో ప్లగ్గు లాగేయండి. లైసెన్సు ఫైలును విండోస్ మీదుగా తిప్పి తెచ్చి పెట్టండి. వీటిలో దేనివల్లనైనా పాత లెక్కలు తెరుచుకోకపోతే అమ్మకం వాయిదా వేయండి.

అడుగు 8: మీరు లేని రోజు కోసం

చిన్న కార్యాలయాలు మూతపడతాయి, భాగస్వాములు విడిపోతారు, మనుషులు హైదరాబాదు వెళ్లిపోతారు. మిల్లు మాత్రం అక్కడే ఉంటుంది. యంత్రానికి ముడిపడని, గడువు లేని సార్వత్రిక లైసెన్సు ఒకటి మొదటి రోజే సంతకం చేసి సీలు వేసిన కవరులో పెట్టండి. కీ ఉన్న పెన్‌డ్రైవుతోపాటు దాన్ని మీరు నమ్మే న్యాయవాది దగ్గరో చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరో ఉంచండి. మీ సేవ ఆగిపోయి ఆరు నెలలు గడిస్తే దాన్ని వినియోగదారులందరికీ ఇవ్వాలని ఒప్పందంలోనే రాయండి. ఆ కవరు ఎవరి దగ్గర ఉందో ఒప్పందంలో ఒక వరుసలో పేర్కొనండి, ఆ వ్యక్తి మారినప్పుడల్లా వినియోగదారులకు కొత్త వరుస పంపండి.